పాలు వద్దు, బువ్వ ముద్దు అనే పాపాయి

(మన్సూరాబాద్‌లో మహిళా సంఘం సభ్యులతో చెప్పిన మాటలు)



ఇంటి పని, బయటి పని పక్కన పెట్టి వచ్చారు. కొందరు పిల్లల్ని చంకన వేసుకొని వచ్చారు. మంచిది. ఈ రోజు మన మాట ఆ చంకలోని పిల్లల గురించే.

మన బస్తీల్లో తిరిగినప్పుడు ఒక మాట చాలా ఇళ్లలో వింటాను.

"అక్కా, మా పాపకు ఏడు నెలలు. నేను మళ్లీ పనికి పోతున్న. పగటి పూటకని డబ్బా పాలు తెచ్చినం. సీసా నోట్ల పెడితే ఉమ్మేస్తది. మెడ తిప్పుకుంటది. అదే పప్పు బువ్వ మెత్తగ పిసికి పెడితే ఆ అని నోరు తెరుస్తది. పాలు తాగని పిల్లకు బలం ఎట్ల వస్తది?"

అప్పు చేసి డబ్బా కొన్న తల్లి బాధ ఇది. ఇంట్లో అత్త ఒకటి అంటుంది. పక్కింటామె ఇంకోటి అంటుంది. ఒక రకం డబ్బా కాదని ఇంకో రకం తెస్తారు. పాప అదీ ఉమ్మేస్తుంది. డబ్బులు పోతాయి. భయం మాత్రం పోదు.

భయపడే ముందు ఒక లెక్క చూద్దాం.

ముందు పాప వయసు లెక్కపెట్టండి

పాపకు ఆరు నెలలు నిండాయా, లేదా? అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు. నీళ్లు కూడా అవసరం లేదు. ఎండాకాలంలో కూడా తల్లిపాలలోనే కావలసినన్ని నీళ్లు ఉంటాయి. వెనకటికి నాలుగో నెల నుంచే ఉగ్గు పెట్టవచ్చని డాక్టర్లు కూడా చెప్పేవారు. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట మార్చింది. ఆరు నెలలు పూర్తిగా తల్లిపాలే ఇవ్వాలని చెప్పింది. మన దేశంలోనూ ఇప్పుడు ఇదే పద్ధతి.

నాలుగు నెలల పాప మనం తింటుంటే నోటి వంక చూస్తుంది. చేయి చాపుతుంది. అది ఆకలి కాదు, వింత. "బువ్వ అడుగుతున్నది" అని పెట్టేయకండి. ఆరు నెలల లోపు పాప పాలు తాగకపోతే బువ్వతో సరిపెట్టకూడదు. ఆ వయసులో పాలే ప్రాణం. వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఆరు నెలలు నిండిన పాప సంగతి వేరు. ఆ వయసుకు ఆసరా ఉంటే కూర్చుంటుంది. మెడ నిలుపుతుంది. నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టడం తగ్గుతుంది. మింగడం నేర్చుకుంటుంది. అంటే పాప బువ్వకు తయారైంది అన్నమాట. అప్పుడు పాప ఇష్టంగా తింటే సంతోషించాలి. డబ్బా పాలు వద్దన్నంత మాత్రాన పాపకు ఏదో అయిందని కాదు.

పాప డబ్బా పాలు ఎందుకు వద్దంటుంది?

తల్లిపాలు కొంచెం తియ్యగా ఉంటాయి. తల్లి తిన్న తిండిని బట్టి ఆ రుచి రోజూ కొద్దిగా మారుతుంది. డబ్బా పాల రుచి వేరు, వాసన వేరు. రబ్బరు పీక తల్లి రొమ్ములా ఉండదు. ఆరు నెలలు తల్లి రొమ్ము ఎరిగిన పాపకు తేడా తెలియదా?

తల్లే స్వయంగా సీసా పట్టితే పాప అసలు ఒప్పుకోదు. అమ్మ వాసన వస్తుంటే సీసా ఎందుకనుకుంటుంది. నాన్నో, నానమ్మో పట్టితే కొందరు పిల్లలు తాగుతారు.

కొన్నిసార్లు ఒంట్లో బాగుండదు. ముక్కు మూసుకుపోతే పాలు చీకడం కష్టం. నోట్లో తెల్లటి పూత ఉంటే మంట. చెవి పోటు ఉంటే చీకినప్పుడు నొప్పి. ఇలాంటివి ఉన్నాయేమో చూడాలి. డబ్బా పాలు తాగినప్పుడల్లా ఒంటి మీద దద్దుర్లు వచ్చినా, వాంతులైనా, విరేచనంలో రక్తం కనిపించినా ఆ పాలు పాపకు పడటం లేదేమో. పాలు ఆపి డాక్టరును అడగాలి. అలాంటి పిల్లకు ఆవు పాలు, గేదె పాలు, పెరుగు కూడా డాక్టరును అడగకుండా పెట్టవద్దు.

బలవంతం చేయవద్దు

మన ఇళ్లలో ఒక అలవాటు ఉంది. పాపను కాళ్ల మీద పడుకోబెడతారు. ముక్కు మూస్తారు. నోరు తెరవగానే పాలు పోస్తారు. పాలు గొంతులో పడక ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణానికే ముప్పు. అది కాకపోయినా పాపకు పాలంటేనే భయం పట్టుకుంటుంది. సీసా చూస్తేనే ఏడుస్తుంది.

ఆరు నెలలు దాటిన పాపకు సీసా అసలు అక్కర్లేదు. సీసా మూలల్లో, పీక లోపల పాల జిడ్డు ఉండిపోతుంది. అక్కడ క్రిములు పెరుగుతాయి. విరేచనాలు పట్టుకుంటాయి. దానికంటే గిన్నె, చెంచా మేలు. చిన్న స్టీలు గ్లాసైనా మేలే. వాటిని కడగడం సులువు. పాపను నిటారుగా కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా పెదవికి తాకిస్తే తనే తాగుతుంది. మన ముసలమ్మల ఉగ్గు గిన్నె పనికిమాలిన వస్తువేమీ కాదు. శుభ్రంగా కడిగి, పాపను కూర్చోబెట్టి వాడితే సీసా కంటే అదే మంచిది.

డబ్బా మీద రాసింది చదవండి

మీరిప్పుడు చదవడం నేర్చుకున్నారు. డబ్బా పాలు కొనేటప్పుడు ఆ చదువు వాడండి.

పాల డబ్బాల అమ్మకం మీద మన దేశంలో 1992లో ఒక చట్టం వచ్చింది. 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఆ చట్టం ప్రకారం పాల డబ్బాల గురించి ప్రకటనలు ఇవ్వకూడదు. డబ్బా మీద బొద్దు పాప బొమ్మ వేయకూడదు. తల్లిపాలే పాపకు మంచివని డబ్బా మీదే రాయాలి. అమ్మే కంపెనీ చేతనే ఆ మాట రాయించారంటే ఆలోచించండి.

డబ్బా మీద అంకెలు కూడా చూడండి. ఏ తేదీ లోపల వాడాలో ఉంటుంది. ఎన్ని నీళ్లకు ఎన్ని కొలతలు వేయాలో ఉంటుంది. డబ్బా నాలుగు రోజులు ఎక్కువ రావాలని కొందరు నీళ్లు ఎక్కువ పోస్తారు. అట్లా చేస్తే పాప కడుపు నిండుతుంది, ఒళ్లు నిండదు. పాప ఏడవడం లేదు కదా అని మనం అనుకుంటాం. లోపల పాప చిక్కిపోతూ ఉంటుంది. పొడి ఎక్కువ వేసినా తప్పే. అది పాపకు అరగదు. కాచిన నీళ్లు, రాసిన కొలత, కడిగిన చేయి, ఈ మూడూ ఉండాలి. పాప తాగగా మిగిలిన పాలు దాచవద్దు.

తల్లిపాలు మానిపించవద్దు

"పనికి పోతున్న, ఇంకా పాలేం ఇస్త?" అని కొందరు తల్లిపాలు మానిపిస్తారు. డబ్బా పాలు తాగని పిల్లకు తల్లిపాలు కూడా మానిపిస్తే ఇంకేం మిగులుతుంది?

పనికి పోయే ముందు ఒకసారి పాలివ్వండి. వచ్చాక ఇవ్వండి. రాత్రి పాప అడిగినన్నిసార్లు ఇవ్వండి. పాప తాగేకొద్దీ పాలు ఊరుతాయి. రెండేళ్లు వచ్చేదాకా, తర్వాత కూడా ఇవ్వవచ్చు.

పగటి పూటకు పాలు పిండి పెట్టవచ్చు. చేతులు సబ్బుతో కడుక్కొని, కడిగి మరిగించిన స్టీలు గిన్నెలోకి పిండాలి. మూత పెట్టాలి. మన ఎండలకు నాలుగు గంటలకు మించి బయట ఉంచవద్దు. ఫ్రిజ్ ఉంటే లోపల ఒక రోజు ఉంచవచ్చు. వాటిని పొయ్యి మీద కాచవద్దు. వేడి నీళ్ల గిన్నెలో ఆ గిన్నె పెడితే చాలు, గోరువెచ్చగా అవుతాయి.

పిండి దాచిన పాలు పనికిరావని అనుకోవద్దు. 2017లో మన హైదరాబాద్‌లో నీలోఫర్ ఆసుపత్రిలో తల్లిపాల బ్యాంకు పెట్టారు. ఇతర తల్లులు ఇచ్చిన పాలను అక్కడ పరీక్ష చేసి, దాచి, నెలలు నిండకుండా పుట్టిన పసికూనలకు తాగిస్తారు.

ఇంకో మాట. 2017లో చట్టం మార్చి కాన్పు సెలవును 26 వారాలు చేశారు. అంటే ఆరు నెలలు. ఆఫీసుల్లో, పెద్ద ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్లకు అది అందింది. ఇళ్లలో గిన్నెలు తోమే చెల్లెకు ఆ సెలవు ఎవరిచ్చారు? రెండో నెలలోనే పనికి పోవాల్సి వస్తే పాప డబ్బా పాలకు రాక ఏం చేస్తుంది? తప్పు తల్లిది కాదు. కనీసం పనిచేసే ఇంటివాళ్లను అడిగి మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చి పాలిచ్చే వీలు చూసుకోవాలి. ఒక్కరు అడిగితే వినరు. సంఘంగా అడిగితే వింటారు.

బువ్వలో బలం ఉండాలి

పాప బువ్వ ఇష్టంగా తింటుంది. మంచిదే. ఇంతకూ ఏం తింటుంది? చిక్కు అక్కడ ఉంది.

చాలా ఇళ్లలో పాపకు గంజి, పప్పు మీది తేట, నీళ్ల జావ పెడతారు. లేకపోతే టీలో ముంచిన బిస్కెట్టు. వీటితో కడుపు నిండుతుంది, బలం రాదు. జావ ఎట్లా ఉండాలంటే, చెంచా వంచినా గబుక్కున జారిపోకూడదు. అంత చిక్కగా ఉండాలి.

ఎంత పెట్టాలో చెబుతాను. పావు లీటరు పట్టే గిన్నె ఒకటి పాప కోసం పక్కన పెట్టుకోండి.

ఆరు నెలలు నిండగానే రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టాలి. మెల్లగా పెంచుతూ పూటకు అర గిన్నెకు రావాలి. ఎనిమిది నెలలు నిండేదాకా రోజుకు రెండు మూడు పూటలు పెట్టాలి. తొమ్మిదో నెల నుంచి ఏడాది దాకా అర గిన్నె చొప్పున మూడు నాలుగు పూటలు. ఏడాది దాటాక ముప్పావు గిన్నె నుంచి గిన్నె నిండా మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి. ఇది తల్లిపాలు తాగే పిల్ల లెక్క. తల్లిపాలు లేని పిల్లకు ఇంకో ఒకటి రెండు పూటలు కలపాలి.

ఏం పెట్టాలి? మనం తినేదే. అన్నం, పప్పు మెత్తగా పిసికి, ఒక చెంచా నూనె గానీ నెయ్యి గానీ వేయండి. పాలకూర, మునగాకు ఉడికించి కలపండి. తైదల జావ చిక్కగా కాయండి. బాగా ఉడికిన కోడిగుడ్డు మెదిపి పెట్టండి. అరటిపండు, బొప్పాయి గుజ్జు చేసి పెట్టండి. మాంసం తినేవాళ్లు మెత్తగా ఉడికించి, బాగా నలిపి పెట్టవచ్చు. కొత్త వస్తువు ఒక్కొక్కటే మొదలుపెట్టండి. పల్లీలు, శనగలు గింజలుగా పెట్టవద్దు, గొంతులో ఇరుక్కుంటాయి. పొడి చేసి కలపాలి. ఏడాది లోపు తేనె నాకించవద్దు. టీ అసలే వద్దు.

ఆకుకూర, గుడ్డు, మాంసం అని ఎందుకు అంటున్నాను? తల్లి కడుపులో దాచుకున్న ఇనుము పాపకు సుమారు ఆరు నెలలే వస్తుంది. తర్వాత తిండిలోంచి రావాలి. 2019-20లో చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. అందుకే ఆరు నెలలు దాటిన పిల్లలకు ఐరన్ మందు ఇస్తారు. అది వారానికి రెండుసార్లు వేయాలి. ఆశా కార్యకర్తను అడిగి తీసుకోండి.

మన ఊరి పిండి

మన నాగోలు మీదుగా ఉప్పల్, హబ్సిగూడ దాటి పోతే తార్నాక వస్తుంది. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో తమిళనాడులోని కూనూరులో మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. పేదింటి పిల్లలకు తక్కువ ఖర్చుతో బలమైన తిండి ఎట్లా చేయాలో అక్కడి వాళ్లు పరిశోధన చేశారు. ఒక పిండి తయారుచేశారు. దాని పేరే 'హైదరాబాద్ మిక్స్'. మన ఊరి పేరు పెట్టుకొని దేశమంతా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

అందులో ఏముందంటే:

గోధుమలు 400 గ్రాములు
శనగపప్పు 160 గ్రాములు
పల్లీలు 100 గ్రాములు
బెల్లం 200 గ్రాములు

గోధుమలు, శనగపప్పు, పల్లీలు వేరువేరుగా వేయించాలి. పొడి కొట్టాలి. బెల్లం కలిపి తడి లేని డబ్బాలో పోయాలి. పసిపిల్లకు బెల్లం తగ్గించినా ఫరవాలేదు. కావలసినంత పిండి తీసుకొని, కాచిన నీళ్లు పోసి చిక్కగా కలిపి పెట్టాలి. ఈ పిండి 86 గ్రాములలో 330 కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉంటాయి. ఏడు నెలల పాప ఒక్కరోజులో అంత తినదు. తినగలిగినంతే పెట్టండి. అన్నీ మన కిరాణా కొట్టులో దొరికేవే.

అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్. అది తయారయ్యేది మన దగ్గరి నాచారంలోనే. అందులో గోధుమ, శనగపప్పు, నూనె, చక్కెరతో పాటు పాలపొడి కూడా ఉంటుంది. పాలు వద్దనే పాప బాలామృతం తింటే కొన్ని పాలు బువ్వలోనే లోపలికి పోతాయి. దాన్ని ఇంట్లో పెద్దవాళ్లు లడ్డూలు చేసుకొని తినవద్దు. అది పాప వంతు.

పాలు బువ్వలో కలపండి

పాప తాగదు, తింటుంది. అయితే పాలు తినిపిద్దాం.

ఉన్న డబ్బా పారేయకండి. డబ్బా మీద రాసిన కొలతతో పాలు కలిపి, ఆ పాలు చిక్కటి జావలో పోసి పెట్టండి. చాలామంది పిల్లలు అట్లా తింటారు. పెరుగన్నం పెట్టండి. పెరుగు కూడా పాలే కదా.

తల్లిపాలు లేని పిల్లలకు ఆరు నెలల నుంచి పదకొండు నెలల వరకు డబ్బా పాలైనా, కాచిన ఆవు పాలు, గేదె పాలైనా ఇవ్వవచ్చని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏడాది దాటాక డబ్బా పాల అవసరమే లేదంది. అయితే ఏడాది లోపు పిల్లకు ఆవు పాలు, గేదె పాలు ముఖ్య ఆహారం చేయవద్దని మన పిల్లల డాక్టర్లు చెబుతారు. వాటిలో ఇనుము తక్కువ. పాలతోనే కడుపు నింపితే పాప బువ్వ తినదు. కాబట్టి బువ్వలో కలపడమే మంచి దారి.

తల్లిపాలు అసలే లేని పిల్లకు రోజుకు పాలు, పెరుగు అన్నీ కలిపి ఎంత కావాలి? గుడ్డు, చేప, మాంసం తరచుగా తినే పిల్లకు 200 నుంచి 400 మిల్లీలీటర్లు. అవి తినని పిల్లకు 300 నుంచి 500.

తూకం అబద్ధం చెప్పదు

"పాప డబ్బా పాలు తాగుతున్నదా?" అని అందరూ అడుగుతారు. అడగాల్సింది అది కాదు. "పాప బరువు పెరుగుతున్నదా?" అని అడగాలి.

పుట్టినప్పటి బరువు అయిదారు నెలలకు రెండింతలు కావాలి. ఏడాదికి సుమారు మూడింతలు కావాలి. మూడు కిలోలతో పుట్టిన పాప ఏడాదికి తొమ్మిది కిలోలకు దగ్గరగా ఉండాలి.

నెలనెలా అంగన్‌వాడీలో తూకం వేయించండి. టీచరమ్మ కార్డులో చుక్క పెడుతుంది. ఆ కార్డు మీరే చదవండి. ఆకుపచ్చ రంగులో చుక్క ఉంటే మంచిది. పసుపు రంగులోకి దిగితే జాగ్రత్త పడాలి. నారింజ రంగులోకి పోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. చుక్కలు కలిపిన గీత పైకి పోతుంటే పాప పెరుగుతున్నట్టు. అప్పుడు డబ్బా పాల కోసం అప్పు చేయక్కర్లేదు. ఎవరేమన్నా కార్డు చూపించండి.

ఎప్పుడు ఆసుపత్రికి పోవాలి?

పాప పాలూ బువ్వా రెండూ మానేస్తే
రోజులో మూత్రం బాగా తగ్గినా, ముదురు పసుపుగా వచ్చినా
కళ్లు లోపలికి పోయి, పాప వడలిపోతే
తిన్నదంతా వాంతి అవుతుంటే
రెండు నెలలు వరుసగా బరువు పెరగకపోతే

వీటిలో ఏది కనిపించినా ఆగవద్దు. దిష్టి తీసి ఊరుకోవద్దు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ నీళ్లు తాగిస్తూనే ఆసుపత్రికి పోవాలి. తల్లిపాలు ఆపవద్దు.

అక్కలారా, చెల్లెళ్లారా! ఏడు నెలల పాపకు మాటలు రావు. అయినా నోరు మూసి వద్దంటుంది, నోరు తెరిచి కావాలంటుంది. ఆ మాట మనం వినాలి. తల్లిపాలు మానకుండా, బువ్వ చిక్కగా పెట్టి, నెలనెలా తూకం చూసుకుంటే, పాప డబ్బా పాలు వద్దన్నా పెరుగుతుంది. ఈ నెల తూకం రోజు ఎప్పుడో టీచరమ్మను అడిగి తెలుసుకోండి. అందరం కలిసి పోదాం.

చదివారు కదా, మాట్లాడుకోండి

1. ఆరు నెలల లోపు పాప పాలు తాగకపోతే బువ్వ ఎందుకు పెట్టకూడదు?
2. మీ ఇంట్లో పాపకు పెట్టే జావ చెంచాలోంచి జారిపోతుందా, నిలుస్తుందా?
3. ఒక పాల డబ్బా తీసుకొని, దాని మీది తేదీ, కొలత చదివి పలక మీద రాయండి.
4. మీ పాప కార్డులో పోయిన మూడు నెలల బరువు ఎంత? గీత పైకి పోతున్నదా?